కాపలా సైన్యానికి కూలి: నాడు దత్త మండలాలు, నేడు బంగారు గనులు

హగరి ఒడ్డునున్న మోక గ్రామం 1800వ సంవత్సరంలో ఒక సైన్యపు జీతబత్యాల లెక్కలో చెల్లుబడి అయిపోయింది. మోకతోపాటు బళ్లారి, అనంతపురం, కడప సీమలూ, కర్నూలు సీమలో కొంత భాగమూ అదే లెక్కలో చేతులు మారాయి. అప్పుడు వచ్చిన పేరే దత్త మండలాలు. ఆ పేరును వదిలించుకొని 1928లో రాయలసీమ అని పిలుచుకున్నా, ఆ బేరంలోని నీతిని మాత్రం ఈ సరిహద్దు ప్రజలు మరువరాదు. ఎందుకంటే అటువంటి బేరమే నేడు ఆఫ్రికాలో సాగుతున్నది. దాని ఛాయలు కలబురగి, నారాయణపేటల దాకా వచ్చాయి.

నిజాం చేసిన బేరం

1795లో ఖర్దా వద్ద మరాఠాల చేతిలో నిజాం అలీఖాన్ ఓడిపోయాడు. మిత్రులమని చెప్పుకున్న ఇంగ్లీషు కుంపిణీవారు ఆ యుద్ధంలో సాయపడలేదు. భయంతో ఆయన ఫ్రెంచి సేనాని రేమండ్ దళాలను పెంచుకున్నాడు. ఫ్రెంచివారి పలుకుబడి హైదరాబాదులో వేళ్లూనుతుందని కుంపిణీ బెంబేలెత్తింది. రేమండ్ 1798లో మరణించాడు. ఆ ఏడాదే నిజాంతో సైన్య సహకార ఒప్పందం కుదిరింది. ఫ్రెంచి దళాలు ఆయుధాలు దించవలసి వచ్చింది. వాటి స్థానంలో కుంపిణీ దళాలు వచ్చాయి. వాటి ఖర్చుకు నిజాం ఏటా 24 లక్షల రూపాయలకు పైగా చెల్లించాలి.

1800 అక్టోబరులో మరో ఒప్పందం జరిగింది. దళాలు పెరిగాయి, ఖర్చూ పెరిగింది. రొక్కానికి బదులు నేల ఇమ్మన్నారు. 1792లోనూ, 1799లోనూ మైసూరు యుద్ధాల ఫలితంగా తనకు దక్కిన సీమలను నిజాం శాశ్వతంగా కుంపిణీకి రాసి ఇచ్చాడు. కుంపిణీ అనుమతి లేనిదే ఇతర రాజ్యాలతో సంప్రదింపులు జరపనని కూడా ఒప్పుకున్నాడు. కాపలాకు పిలిచినవాడే గడపదాటడానికి సెలవు అడగవలసిన స్థితి వచ్చిందన్నమాట.

దత్త మండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడే ఉండి పాళెగాళ్లను అణచి, పొలం పొలం కొలిపించి శిస్తు కట్టాడు. నిజాం కాపలా ఖర్చు ఆ విధంగా ఈ సీమ రైతు కళ్లంలోకి వచ్చి కూర్చున్నది.

కథ అంతటితో ఆగలేదు. హైదరాబాదు కంటింజెంటు అనే మరో సైన్యం తయారైంది. దాని అధికారులు ఇంగ్లీషువారు, జీతం నిజాముది. ఆ బాకీ కింద 1853లో బేరారుతోపాటు తుంగభద్రకు ఆవలనున్న రాయచూరు సీమనూ కుంపిణీ తీసుకున్నది. రాయచూరు 1860లో తిరిగివచ్చింది. బేరారు తిరిగి నిజాం పాలనలోకి రానేలేదు.

ఆఫ్రికాలో అదే పద్ధతి

ఇప్పుడు దృష్టిని ఆఫ్రికాకు మళ్లించాలి. రష్యాకు చెందిన వాగ్నర్ దళం 2014లో ఉక్రెయిన్ తూర్పు ప్రాంతంలో కనిపించింది. తరువాత సిరియాకు, 2018 నాటికి మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌కు, 2021 చివరికి మాలీకి చేరింది. రష్యా శిక్షాస్మృతి ప్రకారం కిరాయి సైనిక వృత్తి నేరం. కనుక అది ప్రైవేటు వ్యవహారమని ఆ ప్రభుత్వం చెబుతూ వచ్చింది. 2023 జూన్‌లో ఆ దళాధిపతి ప్రిగోజిన్ తిరగబడ్డాడు. ఆ తరువాత కొద్ది రోజులకే, వాగ్నర్‌ను పూర్తిగా ప్రభుత్వమే పోషించిందనీ, ఒక్క ఏడాదిలో 86 వందల కోట్ల రూబుళ్లు చెల్లించిందనీ అధ్యక్షుడు పుతిన్ స్వయంగా ప్రకటించాడు. వర్తక సంఘం ముసుగులో కుంపిణీ రాజ్యమేలినట్లే, ప్రైవేటు ముసుగులో రాజ్యమే నడిచింది.

మాలీ పాలకులకు భయపడడానికి కారణం లేకపోలేదు. 2012 నుంచి ఆ దేశం సాయుధ ముఠాలతో సతమతమవుతున్నది. మరుసటి ఏడాది వచ్చిన ఫ్రెంచి సైన్యమూ వాటిని రూపుమాపలేకపోయింది. నిజాంలాగానే వారు ఒక పరదేశాన్ని పంపించి మరొక పరదేశాన్ని పిలిచారు. 2022 ఆగస్టుకు ఫ్రెంచి సైన్యం వెళ్లిపోయింది. 2023 ముగిసేసరికి ఐక్యరాజ్యసమితి శాంతి దళమూ వైదొలగింది. 2022 మార్చిలో మౌరా గ్రామంలో మాలీ సైనికులూ, వారి వెంట ఉన్న విదేశీ సాయుధులూ కనీసం 500 మందిని చంపారని ఐక్యరాజ్యసమితి నివేదిక తేల్చింది. 2025 జూన్‌లో వాగ్నర్ మాలీని వీడినట్లు ప్రకటించుకున్నా, రష్యా రక్షణ శాఖ అధీనంలోని ఆఫ్రికా కోర్ అక్కడే నిలిచింది. పేరు మారింది, పలుకుబడి మారలేదు.

ఇక కూలి సంగతి. మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో బంగారం, వజ్రాల వ్యాపారాలు ప్రిగోజిన్ సంబంధిత సంస్థల చేతుల్లోకి వెళ్లాయని చెబుతూ అమెరికా 2023 జూన్‌లో ఆ సంస్థలపై ఆంక్షలు విధించింది. నాడు శిస్తు భూమి, నేడు గని. రొక్కం లేనివాడు కాపలాకు చెల్లించేది నేలనే.

బంటు ఎవరి బిడ్డ?

ఇటువంటి సైన్యాలకు బంట్లు కావాలి. కుంపిణీ తన సిపాయిలను తెలుగు పల్లెల నుంచీ చేర్చుకున్నది. ఉత్తర హిందుస్థానంలో సిపాయికి తిలంగా అన్న పేరు పడింది అందుకే. ఎవరి యుద్ధమో, ఎందుకు యుద్ధమో ఆ సిపాయికి తెలియదు. తెలిసింది నెల జీతమే.

2024లో రష్యా సైన్యంలో చిక్కుకున్న భారతీయ యువకుల సంగతి ఇందుకు దగ్గరిదే. వారు చేరింది వాగ్నర్‌లో కాదు, రష్యా సైన్యంలో. అయినా చేర్చుకున్న తీరు గమనార్హం. కాపలాదారు కొలువు, సహాయకుడి కొలువు అని యూట్యూబ్ ప్రకటనలతోనూ, దళారుల మాటలతోనూ నమ్మించారు. అక్కడికి వెళ్లాక రష్యన్ భాషలోని కాగితాలపై సంతకాలు పెట్టించి తుపాకులు చేతికిచ్చారు. హైదరాబాదు యువకుడొకరు మరణించినట్లు 2024 మార్చిలో భారత రాయబార కార్యాలయం ధ్రువీకరించింది. అదే నెలలో సి.బి.ఐ. దళారులపై కేసు పెట్టింది. నారాయణపేట యువకుడొకరు, కలబురగి యువకులు ముగ్గురు ఆ ఏడాది సెప్టెంబరులో ఇల్లు చేరారు. 2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ప్రకారం అటువంటివారు 126 మంది. అందులో 12 మంది మరణించారు, 16 మంది జాడ తెలియలేదు.

చదవలేని లిపిలోని కాగితంపై వేలిముద్ర వేస్తే ఏమవుతుందో సరిహద్దు పల్లెలకు ఒకరు చెప్పనక్కరలేదు. తెలుగు మాత్రమే వచ్చిన రైతు కన్నడ పహణీని పదిమందికి చూపించిగాని ముందుకు పోడు. పొలానికి చూపే ఆ జాగ్రత్త కొడుకు ప్రాణానికీ చూపాలి. దళారికి విదేశాంగ శాఖ లైసెన్సు ఉన్నదా అన్నది ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చు. అనుమానముంటే హైదరాబాదు, బెంగళూరులలోని వలసదారుల రక్షణాధికారి కార్యాలయాలను అడగవచ్చు. పర్యాటక వీసాపై కొలువు ఉండదు. ఒప్పందపు నకలు తెలిసిన భాషలో చేతికి రానిదే ప్రయాణం కట్టరాదు.

నిజాం సంతకం చేసిననాడు మోక రైతును ఎవరూ అడగలేదు. నేడు సంతకం ఇంటి బిడ్డదే గనుక, అడిగే హక్కూ, ఆపే బాధ్యతా ఇంటివారివే.