పేరు కొట్టించిన గిన్నె, హద్దు దాటిన ఇంజను



ఈ వారం రైలింజన్ల గురించి రాస్తున్నాం. వీటితో మనకేం పని అనుకోకండి. చివరికి మన వంటింటి గిన్నెల దగ్గరికీ, నాట్ల కూలి దగ్గరికీ వస్తాం.

అమెరికాలో పట్టాల పక్కన గంటల తరబడి నిలబడి గూడ్సు బండ్లు చూసేవాళ్ళు ఉన్నారు. ఇల్లినాయిస్ రాష్ట్రంలో రోషెల్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ యూనియన్ పసిఫిక్ కంపెనీ లైనూ, బీఎన్‌ఎస్‌ఎఫ్ కంపెనీ లైనూ ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతాయి. బండ్లు చూడడానికి వచ్చేవాళ్ళ కోసమే అక్కడ ఒక పార్కు కట్టారు. వచ్చినవాళ్ళు ఇంజను రంగు, పేరు, నంబరు రాసుకుంటారు, ఫొటోలు తీసుకుంటారు. ఒక కంపెనీ పట్టాల మీద ఇంకో కంపెనీ ఇంజను కనబడితే ఇక వాళ్ళ సంబరం చెప్పక్కర్లేదు.

అందులో అంత వింత ఏముందని మనకు అనిపిస్తుంది. మన దేశంలో పట్టాలూ ఇంజన్లూ దాదాపు అన్నీ భారతీయ రైల్వేవే. ఇంజను మీద లాలాగూడ అనో, గుత్తి అనో, విజయవాడ అనో షెడ్డు పేరు రాసి ఉంటుంది. లాలాగూడ ఇంజను గుజరాత్‌లో కనబడినా అది సొంత ఇంట్లో తిరిగినట్టే. ఒకప్పుడు మన దగ్గరా ఇలా లేదు. నిజాం రైల్వే, మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అని వేరువేరు సంస్థలు ఉండేవి, బెజవాడలో కలిసేవి. అమెరికాలో ఈనాటికీ పెద్ద కంపెనీలు దేనికదే. పట్టాలు ఎవరివి వాళ్ళవి, ఇంజన్లు ఎవరివి వాళ్ళవి. బీఎన్‌ఎస్‌ఎఫ్‌ది నారింజ రంగు, యూనియన్ పసిఫిక్‌ది పసుపు, నార్‌ఫోక్ సదరన్‌ది నలుపు, సీఎస్‌ఎక్స్‌ది నీలం, పసుపు.

మరి ఒకరి ఇంజను ఇంకొకరి పట్టాల మీదకు ఎలా వెళ్తుంది? పడమటి సగంలో ప్రధానంగా రెండు కంపెనీలు, తూర్పు సగంలో ఇంకో రెండు. సరుకేమో సముద్రం నుంచి సముద్రం దాకా పోవాలి. షికాగో లాంటి కూడలిలో ఒక కంపెనీ ఇంజను విప్పి ఇంకో కంపెనీ ఇంజను తగిలిస్తే గంటలు గంటలు పోతాయి. అందుకని చాలా బండ్లకు ఇంజన్లు విప్పరు. డ్రైవర్లు మాత్రం మారతారు. వయోమింగ్ గనుల బొగ్గు జార్జియాలోని షెరర్ విద్యుత్ కేంద్రానికి పోయేటప్పుడు, నారింజ రంగు ఇంజన్లు నార్‌ఫోక్ సదరన్ పట్టాల మీద లాగుతూ కనబడేది ఈ ఏర్పాటు వల్లనే.

ఇక లెక్క సంగతి వినండి. అరువిచ్చిన ఇంజనుకు సాధారణంగా వాళ్ళు డబ్బు లెక్క కట్టరు, పని లెక్క కడతారు. మన బోరు మోటారుకు 5 హెచ్‌పీ, 10 హెచ్‌పీ అంటాం కదా. ఆ ఇంజన్లు 4,000 హెచ్‌పీ పైచిలుకు. 4,000 హెచ్‌పీ ఇంజను పక్క కంపెనీ దగ్గర 12 గంటలు ఉంటే, 48,000 హెచ్‌పీ గంటల బాకీ. ఆ బాకీని పక్క కంపెనీ తన ఇంజన్లు పంపి తీరుస్తుంది. 2,000 హెచ్‌పీ చిన్న ఇంజను పంపితే అది 24 గంటలు పని చేయాలి. అవతలివాళ్ళ దగ్గర పెద్దది లేకపోతే చిన్నదాంతోనే ఎక్కువసేపు తీర్చుకోవచ్చు. అందువల్ల ఏ బండికీ సంబంధం లేకుండా ఒక తూర్పు కంపెనీ ఇంజను పడమట నెలల తరబడి కనబడిందంటే, అది దారి తప్పిందని కాదు. బాకీ తీరుస్తోందని.

అరువు సాగాలంటే ముందు వస్తువు అవతలి ఇంట్లో పని చేయాలి. దానికి వాళ్ళు పడ్డ పాట్లు తక్కువేం కాదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పట్టాల మధ్య వెడల్పు 5 అడుగులు ఉండేది, ఉత్తరాన అంతకంటే తక్కువ. 1886లో మే 31, జూన్ 1, ఈ రెండు రోజుల్లోనే దక్షిణాది కంపెనీలన్నీ కలిసి సుమారు 11,500 మైళ్ళ మేర ఒక పట్టాను లోపలికి జరిపాయి. ఇప్పుడు ఏ కంపెనీ ఇంజనుకైనా 27 పిన్నుల కేబులు ఒకటే. అది తగిలిస్తే వెనకున్న వేరే కంపెనీ ఇంజన్లు కూడా ముందున్న డ్రైవరు చేతికే లొంగుతాయి. 2008లో లాస్ ఏంజెలస్ దగ్గర చాట్స్‌వర్త్‌లో గూడ్సు, ప్రయాణికుల బండి ఎదురెదురుగా గుద్దుకుని 25 మంది చనిపోయారు. ఆ ఏడాదే చట్టం వచ్చింది. ప్రధాన మార్గాల్లో ప్రమాదం ముంచుకొస్తే బండిని దానంతటదే ఆపే ఏర్పాటు ఉండాలి, పరాయి కంపెనీ ఇంజను ముందుండి నడిపినా ఆ ఏర్పాటు మాట వినాలి. 2020 చివరికి అది పూర్తయింది.

ఇప్పుడు మన ఊరికి వద్దాం.

మన ఇళ్ళలో స్టీలు గిన్నెల మీద పేరు కొట్టిస్తాం. పెళ్ళికో, దినానికో పది ఇళ్ళ గిన్నెలు ఒకచోట చేరతాయి. పేరు ఉంది కాబట్టి ఏ ఇంటి గిన్నె ఆ ఇంటికి చేరుతుంది. పేరు కొట్టించుకున్నంత మాత్రాన ఆ ఇల్లాలిని పిసినారి అని ఎవరూ అనరు. ఇంకా చెప్పాలంటే, పేరు ఉండబట్టే ఆమె ధైర్యంగా ఇస్తుంది.

బదులు పని విషయంలో మాత్రం ఈ తెలివి వదిలేశాం. మా నాటుకు మీరొచ్చారు, మీ నాటుకు మేమొస్తాం అనే మాట ఒకప్పుడు ఊరంతా నడిచేది. ఇప్పుడు ఎందుకు తగ్గింది? డబ్బు కూలి వచ్చింది, నాటు మిషన్లు వచ్చాయి, నిజమే. కానీ అడిగి చూడండి. మూడు రోజులు చేసి వచ్చాను, నాకు ఒక్కరోజే వచ్చారు అనే మాట ఎన్ని ఇళ్ళలో వినబడుతుందో. ట్రాక్టరు, పవర్ స్ప్రేయరు, జనరేటరు అన్నింటిదీ ఇదే కథ. ఇచ్చినవాళ్ళు అడగలేరు. తీసుకున్నవాళ్ళకు గుర్తుండదు. మరుసటి ఏడు ఇద్దరూ ఎడమొహం పెడమొహం.

అయినవాళ్ళ మధ్య లెక్కలేమిటండీ, అది ప్రేమ అనిపించుకుంటుందా అని పెద్దవాళ్ళు అంటారు. ఆ మాటలో మంచితనం ఉంది, కాదనం. కానీ మాకు తోచింది చెప్తాం. లెక్క లేనిచోట నష్టపోయేది గట్టివాడు కాదు. గట్టివాడు గుమ్మం ముందు నిలబడి అడిగి తెచ్చుకుంటాడు. నష్టపోయేది భర్త లేని తల్లి, అర ఎకరం రైతు, నోరు విప్పి అడగలేని కోడలు. వాళ్ళు చేసిన రోజులు గాలికి పోతాయి. పుస్తకంలో రాసి ఉంటే వాళ్ళు అడగనక్కర లేదు, పుస్తకమే అడుగుతుంది. కోట్ల వ్యాపారం చేసే కంపెనీలు, ఒకదాంతో ఒకటి పోటీపడేవి కూడా, ఇంజన్లు ఇచ్చి పుచ్చుకుంటున్నాయంటే ప్రేమ ఎక్కువై కాదు. లెక్క ఇద్దరికీ కనబడుతుంది కాబట్టి.

దానం వేరు, అరువు వేరు. దానంగా ఇచ్చింది రాయొద్దు, మళ్ళీ తలుచుకోవద్దు. అరువుగా ఇచ్చింది మాత్రం దానంలా మరిచిపొమ్మని పేదవాడిని బలవంతపెట్టకూడదు. అది వాడి కష్టాన్ని తీసుకుని మనం మంచివాళ్ళమని పేరు తెచ్చుకోవడమే. ఆ హెచ్‌పీ గంటల పద్ధతిలో మాకు బాగా నచ్చింది ఇంకొకటి. బాకీ అదే వస్తువుతో, అదే రోజున తీర్చాలని లేదు. నాటు వేయలేని ముసలాయన విత్తనం కాపలా కాయొచ్చు, ట్రాక్టరు లేనివాడు ఒళ్ళు వంచి నాలుగు రోజులు ఎక్కువ చేయొచ్చు. చిన్న ఇంజను ఎక్కువసేపు నడిచి పెద్ద బాకీ తీర్చినట్టే.

అందుకే మా మనవి ఇది. వచ్చే నాట్ల లోపు వాడకు ఒక నోటుబుక్కు పెట్టుకుందాం. ఎవరు ఎవరికి ఎన్ని రోజులు చేశారు, ఏ సామాను ఎక్కడుంది, అంతే రాద్దాం. చదువుకుంటున్న ఆడపిల్లల చేత రాయిద్దాం, పెద్దల ముందు నెలకోసారి చదివిద్దాం. కుర్చీలు, సౌండు బాక్సులు, వంట గుండిగలతో మన మందిరం నుంచే మొదలుపెడదాం. వాటి మీద పేరు కొట్టించి, మతం అడగకుండా ఊళ్ళో ఎవరి గడపకైనా పంపుదాం. తిరిగొస్తాయో లేదోనన్న భయం పోతే ఇంకా దూరం పంపగలం.