పాడతాడు... విమానమూ నడుపుతాడు!

కచేరీ కోసం ఊరూరా తిరిగే గాయకులు ఎంతోమంది. కానీ తోటి కళాకారుల్నీ సిబ్బందినీ జంబోజెట్‌లో ఎక్కించుకుని, కాక్‌పిట్‌లో తనే కూర్చుని సముద్రాలు దాటించి, ఆనక వేదికెక్కి దాదాపు రెండు గంటలు గొంతెత్తి పాడేవాళ్లు ఎవరుంటారు? బ్రిటన్‌కు చెందిన హెవీమెటల్ బృందం ‘ఐరన్ మెయిడెన్’ గాయకుడు బ్రూస్ డికిన్సన్ 2016లో చేసిందదే. అంతకు ఏడాది ముందు ఆయన మళ్లీ పాడగలడో లేదో ఎవరికీ తెలీదు.

2014 చివర్లో ఈ బృందం పారిస్‌లో ‘ది బుక్ ఆఫ్ సోల్స్’ ఆల్బమ్ రికార్డు చేసింది. రెండు డిస్కులు, 92 నిమిషాల పాటలు. ఆ పని ముగిశాక డికిన్సన్ డాక్టర్ దగ్గరికెళ్లాడు. నాలుక మొదట్లో క్యాన్సర్ అని తేలింది. అంటే, ఆ పాటలన్నీ లోపల కణితి ఉండగానే పాడాడన్నమాట!

ఏడు వారాలు కీమోథెరపీ, రేడియేషన్. 2015 మేలో క్యాన్సర్ పూర్తిగా పోయిందని డాక్టర్లు చెప్పారు. పోయింది సరే, గొంతో? మిగతావాళ్లు ఆయన్ని తొందరపెట్టలేదు. ఆల్బమ్‌ను సెప్టెంబరులో విడుదల చేసి, కచేరీల యాత్రను మాత్రం మరుసటి ఏడాదికి జరిపారు. మామూలుగా కొత్త ఆల్బమ్ రాగానే యాత్రకు బయల్దేరడం ఈ రంగంలో ఆనవాయితీ. అమ్మకాలు ఊపందుకునేది అప్పుడే మరి. తర్వాత డికిన్సన్ చాలాచోట్ల తన జబ్బు గురించి దాపరికం లేకుండా మాట్లాడాడు. నలభై దాటిన మగవాళ్లు మెడ దగ్గర గడ్డ కనిపిస్తే ఏవో యాంటీబయాటిక్స్ మింగి ఊరుకోవద్దని, వెంటనే పరీక్ష చేయించుకోమని చెప్పాడు.

ఆ ఖాళీలో ఆయన చేసిన మరో పని, బోయింగ్ 747 నడపడం నేర్చుకోవడం. విమానాలు ఆయనకు కొత్త కాదు. ఒకప్పుడు ఓ విమానయాన సంస్థలో కెప్టెన్‌గా ఉద్యోగం చేశాడు. 2008 ఫిబ్రవరి 1న ముంబయిలో మొదలైన యాత్రకు బృందాన్ని లండన్ నుంచి బోయింగ్ 757లో తెచ్చిందీ ఆయనే. (అంతకుముందు ఏడాదే బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాళ్లు తొలిసారి మన దేశంలో పాడారు.) అప్పట్లో వేదిక సామాను పట్టడానికి 757 లోపల మార్పులు చేయాల్సి వచ్చింది. 747కి ఆ అవసరం లేదు. పన్నెండు టన్నుల సామానూ మనుషులూ హాయిగా పడతారు.

2016 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫ్లోరిడాలో యాత్ర మొదలైంది. కొత్త ఆల్బమ్‌లోంచి ఆరు పాటలు. వేదికంతా మాయా నాగరికత నాటి గుడిలా తీర్చిదిద్దారు. జబ్బుపడి లేచిన మనిషి గెంతుతూ పరుగులు తీస్తుంటే అభిమానులు నోరెళ్లబెట్టారు.

మధ్యలో ఓ గండం. మార్చి 12న చిలీ రాజధాని శాంటియాగోలో, ఇంధనం నింపడానికి తీసుకెళ్తుండగా విమానం అదుపు తప్పి, తనను లాక్కెళ్తున్న బండిని ఢీకొంది. రెండు ఇంజిన్లు దెబ్బతిన్నాయి, ఇద్దరు విమానాశ్రయ సిబ్బంది ఆసుపత్రి పాలయ్యారు. అయినా మర్నాడు అర్జెంటీనాలోని కోర్డోబాలో కచేరీ ఆగలేదు. విమానం మాత్రం కొత్త ఇంజిన్లు బిగించుకుని పదిరోజులకి బ్రెజిల్‌లో వాళ్లను కలుసుకుంది. ఏప్రిల్లో చైనాలోనూ తొలిసారి పాడారు.

ఇన్ని దేశాలు తిరిగినా, ఆ ఆల్బమ్‌లోని ఆఖరి పాట మాత్రం ఆ వేదికల మీద వినిపించలేదు. పద్దెనిమిది నిమిషాల పాట. పియానో దగ్గర కూర్చుని డికిన్సనే కట్టుకున్నాడు. 1930 అక్టోబరులో కూలిపోయిన ఆర్101 అనే బ్రిటిష్ గాలినావ కథ అది. ఇంగ్లండ్‌లో సాయంత్రం బయల్దేరిన ఆ నావ తెల్లవారకముందే ఫ్రాన్స్‌లో నేలకూలి మండిపోయింది. 54 మందిలో 48 మంది చనిపోయారు. అది చేరాల్సిన ఊరు, అప్పటి మన దేశంలోని కరాచీ.