పద్దు పిల్లలే రాయాలి

2020లో కరోనా బడులకు తాళం వేయించినప్పుడు పలక స్థానాన్ని సెల్‌ఫోను ఆక్రమించింది. బడులు తెరిచినా చాలామంది పిల్లలకు చేతిరాత కుదురుకోలేదు. పదో తరగతి పరీక్ష మాత్రం నేటికీ చేతితోనే రాయాలి.

వేసవి సెలవుల్లో ముంజలో, మజ్జిగో అమ్ముతామని పిల్లలు ముచ్చటపడితే పెద్దలు కాదనవద్దు. డబ్బు ఫోనులో జమపడినా పెట్టుబడి, అమ్మకం, అరువు, మిగులు ఏరోజుకారోజు నోటుపుస్తకంలో వారిచేతనే రాయించాలి. అక్షరమూ కుదురుతుంది, లెక్కా తెలుస్తుంది.

ఒక్క హెచ్చరిక. పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని 2016 నాటి చట్ట సవరణ నిషేధించింది. ఇంటివారికి సాయపడటం కూడా బడివేళల తర్వాతగానీ, సెలవుల్లోగానీ జరగాలి. పిల్లల ముచ్చట ఇంటికి జీవనాధారం కారాదు. బడి తెరిచిననాడు తట్ట దించి, పుస్తకం చేతికివ్వాలి.