మిషన్ కుట్టేవాళ్లకు ఒక కుర్చీ

చండీగఢ్ కుర్చీ బొమ్మ మీలో చాలామంది చూసే ఉంటారు. టేకు చట్రం, పేము అల్లిన సీటు, పైన కలిసి కింద ఎడంగా విడిపోయే కాళ్లు. 1950లలో ఆ కొత్త నగరం కడుతున్నప్పుడు ఆఫీసుల కోసం తయారుచేశారు. తర్వాత విరిగినవీ పాతబడినవీ పెరట్లో కుప్పలుగా పడి ఉండేవట. ఇప్పుడు విదేశీ వేలంపాటల్లో లక్షలు పలుకుతున్నాయి.

ఆ ధర సంగతి వదిలేద్దాం. నాకు నచ్చింది చేసిన తీరు. అల్లికలోంచి గాలి ఆడుతుంది, వీపు తడవదు. కాళ్లు ఎడంగా ఉంటాయి కాబట్టి కుర్చీ ఒరగదు. అల్లిక తెగితే మళ్లీ అల్లించుకోవచ్చు. అక్కడి వడ్రంగులే చేశారు కూడా. మన ఎండల్లో రెగ్జిన్ కుర్చీలో గంటసేపు కూర్చుని లేచినవాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు!

ఆ కుర్చీకి లె కార్బూజియే తమ్ముడి వరస పియర్ జెన్నరె పేరే చెప్తారు. ఆయనతో కలిసి ఆ ఫర్నిచర్ పనిలో ఉన్న ఊర్మిళా యూలీ చౌదరి, మన దేశపు తొలితరం మహిళా ఆర్కిటెక్టుల్లో ఒకరు, ఎంతమందికి తెలుసు? ఇంట్లో వంట ఒకరిది, పేరు ఇంకొకరిది అన్నట్టే.

సరే, ఆఫీసు గుమాస్తా ఎలా కూర్చుంటాడో ఆలోచించి కుర్చీ చేశారు. మరి మిషన్ కుట్టే ఆడమనిషి ఎలా కూర్చుంటుందో ఎవరు చూశారు? మా కుందుర్పికి దగ్గర్లోని రాయదుర్గంలో జీన్స్ కుట్టడం పెద్ద పని. మన ఊళ్లలో జాకెట్లు కుట్టేవాళ్లకైతే లెక్కేలేదు. కూర్చునేది వీపు ఆనని స్టూలు మీద, లేదంటే పెళ్లిళ్లలో వేసే ప్లాస్టిక్ కుర్చీలో. గుడ్డ మీదికి ఒంగితే నడుముకూ కుర్చీకీ మధ్య జానెడు ఖాళీ. ఎత్తు చాలక దుప్పటి మడిచి వేసుకుంటారు. నన్నడిగితే ఆ దుప్పటి మడతే అసలైన నమూనా. ఎంత ఎత్తు కావాలో ఆమె కొలిచి పెట్టుకుంది, చూసేవాళ్లే లేరు.

ఉచితంగా మిషన్లు పంచుతారు, ఫోటోలు దిగుతారు. దాని ముందు దేనిమీద కూర్చోవాలో ఎవరూ అడగరు. మిషన్‌తో పాటు కుర్చీ కూడా ఇవ్వాలి. పాదం పెడల్ మీద పూర్తిగా ఆనేంత ఎత్తు, ఒంగినా నడుముకు తగిలేలా ముందుకు జరిపిన వీపుపలక ఉంటే చాలు. చేతుల కమ్మీలు అసలొద్దు, మోచేతికి అడ్డం. పేము దొరక్కపోతే మంచాలకు అల్లే నవారు ఉండనే ఉంది.