నాటకశాల గడప దగ్గర మామయ్యగారు



అమెరికాలోని ఒహాయో రాష్ట్రం నుండి ఒక సహోదరి ఈ నెల ఉత్తరం వ్రాశారు. అత్తమామలు గుంటూరు జిల్లా నుండి ఆరు నెలలుండటానికి వచ్చారట. డిసెంబరులో అందరూ కలిసి న్యూయార్క్ చూచి రావాలని భర్త కోరిక. పిల్లలిద్దరికీ అక్కడి బ్రాడ్వే నాటకం చూడాలని ఉంది. మామయ్యగారు సంఘపెద్ద. డెబ్బయి రెండేళ్ళలో ఒక్కసారి కూడా సినిమా హాలు మెట్లు ఎక్కని మనిషి. “మీరు వెళ్ళి రండి, నేను గదిలో ప్రార్థన చేసుకుంటాను” అంటున్నారు. భర్తకు కోపం, పిల్లలకు అలక. “ఏ హోటల్ తీసుకోవాలి, ఏ నాటకానికి వెళ్ళాలి, ఆయనను ఎలా ఒప్పించాలి?” అని ఆమె ప్రశ్న.

సహోదరీ, ఒప్పించే పని పెట్టుకోవద్దు. మామయ్యగారి తరంవారు రక్షణలోనికి వచ్చినప్పుడు సినిమాలు, రాత్రి నాటకాలు విడిచిపెట్టడం వారి సాక్ష్యంలో ఒక భాగం. దానిని చాదస్తమనకండి. రోమా పత్రిక 14వ అధ్యాయంలో పౌలు భోజనం గురించి వ్రాసినది ఇక్కడ కూడా వర్తిస్తుంది. అయితే ఆయన నాలుగు గోడల మధ్య ఒంటరిగా కూర్చోనవసరం లేకుండా ప్రయాణం అమర్చుకోవచ్చు.

డిసెంబరులో న్యూయార్క్‌లో హాండెల్ ‘మెస్సయ’ పాడతారు. వాల్ స్ట్రీట్ దగ్గరి ట్రినిటీ చర్చిలో ప్రతి ఏడూ ఉంటుంది. కార్నెగీ హాలులో ఆరటోరియో సొసైటీ వారు కూడా పాడతారు. వేషాలు లేవు, తెరలు లేవు. మాటలన్నీ వాక్యములే. యెషయా 40తో మొదలై ప్రకటన గ్రంథంలోని గొఱ్ఱెపిల్ల స్తుతితో ముగుస్తుంది. మామయ్యగారు తెలుగు బైబిలు ఒడిలో పెట్టుకొని, ఏ భాగం తరువాత ఏ భాగమో మీరొక కాగితం మీద వ్రాసిస్తే, ఇంగ్లీషు రాకపోయినా వెంబడించగలరు. ‘హల్లెలూయ’ గానం రాగానే జనమంతా లేచి నిలబడతారు, అది అక్కడి ఆచారం. ముందే చెప్పి ఉంచండి. మొత్తం రెండున్నర గంటలకు అటూ ఇటూ పడుతుంది.

ఆయనకు చెప్పదగిన మరొక సంగతి. ఈ ‘మెస్సయ’ మొదట 1742లో డబ్లిన్‌లో పాడబడింది. మరుసటి సంవత్సరం లండన్‌లో కోవెంట్ గార్డెన్ నాటకశాలలో పాడినప్పుడు, దేవుని వాక్యాన్ని నటులుండే చోట పాడటమేమిటని భక్తిపరులు పత్రికలలో అభ్యంతరం వ్రాశారు. మీ ఇంట్లో జరుగుతున్న వాదం దాదాపు మూడు వందల ఏళ్ళనాటిది!

ఇక పిల్లల నాటకం. బ్రాడ్వే అంటే ఒక హాలు కాదు, 41 థియేటర్లు. పేరు చూచి టికెట్టు కొనకండి. ‘ది బుక్ ఆఫ్ మార్మన్’ అనే పేరు చూస్తే ఏదో మత సంబంధమైనదేమో అనిపిస్తుంది. 2011 నుండి ఆడుతున్న ఆ నాటకం నిండా బూతు హాస్యం, మిషనరీలపై ఎగతాళి. కుటుంబానికి పనికిరాదు. మీ పిల్లలకు ‘ది లయన్ కింగ్’ సరిపోతుంది. అది 1997 నుండి ఆడుతోంది. అడవి జంతువులు ప్రేక్షకుల మధ్య నుండే నడిచి వస్తాయి కనుక భాష రాని అత్తయ్యగారికి కూడా కాలక్షేపమే. చనిపోయిన తండ్రి కుమారునికి కనబడే ఘట్టం ఉంది. దాని గురించి ఇంటికి వచ్చాక పిల్లలతో మాట్లాడుకోవచ్చు. అది ఆడే మిన్‌స్కాఫ్ థియేటరు 1970లలో కట్టినది, ఎస్కలేటర్లు ఉన్నాయి. పాత థియేటర్లలో చాలా వాటికి లిఫ్టు ఉండదు. చౌక టికెట్లన్నీ మెట్లు ఎక్కవలసిన పై అంతస్తులోనే. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యగారికి ఆ పొదుపు వద్దు.

రేడియో సిటీ మ్యూజిక్ హాలు క్రిస్మస్ ప్రదర్శన గురించి కూడా అడిగారు. 1933 నుండి జరుగుతోంది. చివరిలో నిజమైన ఒంటెలతో, గొఱ్ఱెలతో క్రీస్తు జననం చూపిస్తారు, బాగుంటుంది. కాని దానికి ముందు గంటకు పైగా నాట్యకత్తెల ఆటపాటలు, పొట్టి దుస్తులు. మామయ్యగారిని ఒంటెల పేరు చెప్పి తీసుకువెళ్ళడం మోసమే అవుతుంది. నేనైతే దీనిని వదిలేస్తాను.

డబ్బు విషయం. బ్రాడ్వే టికెట్టు సగటున 120 డాలర్లకు పైనే, ఆరుగురికి ఎంతో మీరే లెక్క వేయండి. టైమ్స్ స్క్వేర్‌లో ఎర్రమెట్ల క్రింద టి.కె.టి.ఎస్. అనే కౌంటరు ఉంది. అక్కడ కొన్ని నాటకాలకు 20 నుండి 50 శాతం వరకు తగ్గింపు దొరుకుతుంది, అయితే చలిలో వరుసలో నిలబడాలి. (ఎదుట సిలువ ముందు నిలిచిన విగ్రహం ఫాదర్ డఫీ అనే సైన్యపు గురువుది.) క్రిస్మస్ నుండి నూతన సంవత్సరం వరకు గదులకు, టికెట్లకు కూడా చుక్కలనంటే ధరలు. ‘మెస్సయ’ కావాలంటే డిసెంబరు రెండవ వారాంతం చూడండి, పిల్లలు ఒక శుక్రవారం బడి మానినా ఫరవాలేదు. నాటకమొక్కటే చాలనుకుంటే జనవరి, ఫిబ్రవరి నెలలలో హోటళ్ళు బాగా చౌక. అప్పుడే ‘బ్రాడ్వే వీక్’ పేరిట కొన్ని నాటకాలకు ఒక టికెట్టు ధరకు రెండు ఇస్తారు.

హోటల్‌ను రాత్రి ఆట ముగిసే వేళను బట్టి ఎంచుకోండి. పదిన్నరకు బయటికి వచ్చి, గడ్డకట్టే చలిలో పెద్దవారితో బస్సు కోసం నిలబడటం కష్టం. రాత్రి ఆటైతే థియేటరుకు పది వీధులలోపే గది ఉండాలి, ఎంతైనా సరే. మ్యాట్నీ అయితే అయిదు లోపు బయటపడతారు. అప్పుడు నది అవతల న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో ఉండి రైలులో తిరగవచ్చు, గది ఖర్చు బాగా తగ్గుతుంది. అక్కడ జర్నల్ స్క్వేర్ దగ్గర ఇడ్లీ, దోసె దొరికే మనవారి వీధి ఉంది, అత్తయ్యగారి పథ్యానికి లోటుండదు. అందుచేత నా ఓటు మ్యాట్నీకే. కారు న్యూజెర్సీలోనే ఉంచండి. 2025 జనవరి నుండి 60వ వీధికి దిగువన ప్రవేశించే కార్లకు పగటి వేళ 9 డాలర్ల సుంకం కూడా ఉంది, పార్కింగు వేరు.

న్యూయార్క్‌లో గది అద్దె మీద 14.75 శాతం పన్ను, రోజుకు 3.50 డాలర్లు అదనం. ‘డెస్టినేషన్ ఫీజు’ వంటివి 2025 మే నుండి మొదటి ధరలోనే కలిపి చూపించాలని చట్టం వచ్చింది, పన్నులు మాత్రం చివరిలో వస్తాయి. వంటకు వీలుగా ఎవరి అపార్టుమెంటో పూర్తిగా అద్దెకు తీసుకుందామనుకుంటే, 30 రోజుల లోపు అలా ఇవ్వటం న్యూయార్క్‌లో నిషిద్ధం. గది ఒకటే తీసుకొని ఆరుగురు సర్దుకోవాలనుకోకండి. అక్కడి గదులు చిన్నవి, నలుగురికి మించి ఒప్పుకోరు.

మీరు మ్యాట్నీకి వెళ్ళిన మధ్యాహ్నం మామయ్యగారు ఏం చేయాలి? మీ భర్త ఆయనను తీసుకొని 51వ వీధిలోని టైమ్స్ స్క్వేర్ చర్చిని చూపించి రావచ్చు. అది ఒకప్పుడు మార్క్ హెలింగర్ థియేటరు. 1971లో ‘జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్’ అక్కడే మొదలైంది, బయట క్రైస్తవులు, యూదులు నిరసన తెలిపారు. 1989లో డేవిడ్ విల్కర్సన్‌గారి సంఘం అద్దెకు తీసుకొని, 1991లో కొనేసింది. బంగారు పూత నగిషీలు, పైన బాల్కనీలు అన్నీ అలాగే ఉన్నాయి, వేదిక మీద మాత్రం ఇప్పుడు వాక్యం చెబుతున్నారు. తలుపులు తెరిచి ఉండే వేళలు ముందుగా ఫోనులో కనుక్కోండి. ఆదివారం ఆరాధనకైతే ఆరుగురూ కలిసే వెళ్ళవచ్చు.