రాయి పుట్టేది పైత్యరసంలో, బియ్యంలో కాదు

అన్నంలో పంటికి తగిలిన రాళ్లూ, టమాటా గింజలూ పోగై పిత్తాశయంలో రాళ్లవుతాయని చాలామంది నమ్మకం. తిన్నది జీర్ణాశయం నుంచి పేగుల్లోకి పోతుంది. పిత్తాశయం ఆ దారిలో లేదు. కాలేయం కింద అంటుకుని ఉండే ఈ చిన్న సంచి పైత్యరసాన్ని నిల్వచేసి, కొవ్వు తిన్నప్పుడు సన్నని నాళం గుండా పేగులోకి వదులుతుంది. రాయి బయటి నుంచి వచ్చేది కాదు, ఆ రసంలోనే గడ్డకట్టేది.

కొలెస్టరాల్ నీళ్లలో కరగదు. పైత్య లవణాలు, లెసిథిన్ పట్టి ఉంచినంత వరకే అది ద్రవంలో నిలుస్తుంది. మోతాదు మించితే స్ఫటికాలుగా విడిపోతుంది, సంచి సరిగా ఖాళీ కాకపోతే అవే రాళ్లవుతాయి. కొలెస్టరాల్ మోతాదు పెరగడంలో ఇన్సులిన్ నిరోధకతకు పాత్ర ఉంది. కాలేయంలో ఇన్సులిన్ పని చేసినంత కాలం ఫాక్సో1 అనే ప్రొటీన్ అదుపులో ఉంటుంది. ఆ అదుపు తప్పితే కొలెస్టరాల్‌ను పైత్యరసంలోకి తోడిపోసే రెండు రవాణా ప్రొటీన్లు పెరుగుతాయి. 2008లో ‘నేచర్ మెడిసిన్’లో వెలువడిన పరిశోధనలో, కాలేయంలో ఇన్సులిన్ గ్రాహకాలు లేని ఎలుకలకు రాళ్లు పుట్టించే ఆహారం పెట్టగా అన్నిటికీ రాళ్లు వచ్చాయి. ఎలుక మనిషి కాదు. అయితే ఊబకాయం, మధుమేహం ఉన్నవారిలో ఈ రాళ్లు ఎక్కువగా కనిపించడం దీనితో పొసగుతుంది. రాళ్లన్నీ కొలెస్టరాల్‌వే కావు: ఎర్ర రక్తకణాలు అతిగా విచ్ఛిన్నమయ్యే జబ్బుల్లో బిలిరుబిన్ రాళ్లు పుడతాయి.

ఆలివ్ నూనె, నిమ్మరసం తాగితే రాళ్లు పడిపోతాయన్న చిట్కాకు తిరుగులేని సాక్ష్యంగా మర్నాడు విరేచనంలో కనిపించే పచ్చని ఉండలను చూపిస్తారు. న్యూజిలాండ్‌లో ఒక మహిళ 600 మిల్లీలీటర్ల ఆలివ్ నూనె, 300 మిల్లీలీటర్ల నిమ్మరసం తాగి, పడిన ఉండలను ఫ్రీజర్‌లో దాచి డాక్టర్లకు చూపింది. పరీక్షిస్తే వాటిలో కొలెస్టరాల్ లేదు, బిలిరుబిన్ లేదు, కాల్షియమూ లేదు. నాలుగింట మూడు వంతులు కొవ్వు ఆమ్లాలే. 40 డిగ్రీల వేడికి పది నిమిషాల్లో కరిగి నూనెయ్యాయి. నూనెలోని కొవ్వును జీర్ణ ఎంజైములు విడగొడితే, నిమ్మరసంలోని పొటాషియంతో కలిసి కడుపులోనే సబ్బు తయారైందన్నమాట. 2005లో ‘లాన్సెట్’ ఈ సంగతి ప్రచురించింది. ఆమె అసలు రాళ్లను ఆపరేషన్ చేసి తీశారు.

కొండపిండి ఆకు పేరే దాని గుణానికి రుజువన్నట్టు చెబుతారు. కొండను పిండి చేస్తుందన్న పేరు పెట్టింది మనుషులు, పరీక్ష కాదు. పైగా దాన్ని వాడేది మూత్రపిండాల రాళ్లకు. బాగా నీళ్లు తాగితే చిన్న కిడ్నీ రాయి మూత్రంతో కొట్టుకుపోవచ్చు, కానీ పిత్తాశయంలోకి మూత్రం రాదు. ఒంటిని శుద్ధి చేస్తాయన్న పేరుతో చేసే దీర్ఘ ఉపవాసాలు ఎదురు తిరగవచ్చు: తిండి లేనప్పుడు పిత్తాశయం ముడుచుకోదు, రసం నిల్వ ఉండి చిక్కబడుతుంది. బరువు చాలా వేగంగా తగ్గినా రాళ్ల ముప్పు పెరుగుతుంది. నెమ్మదిగా తగ్గించడం, రోజూ నడవడం ఇన్సులిన్ పనితీరును మెరుగుపరుస్తాయి. అయితే పుట్టిన రాయిని అవి కరిగించవు.

ఏ చిట్కానైనా తేల్చేది ముందూ తర్వాతా తీసిన స్కానింగే. బాధపెట్టని రాళ్లకు చాలాసార్లు ఆపరేషన్ అక్కర్లేదు. కుడి డొక్కలో తగ్గని నొప్పికి జ్వరం గానీ కామెర్లు గానీ తోడైతే మాత్రం ఆస్పత్రికి వెంటనే వెళ్లాలి.