సెలవు కబుర్లు: తెడ్డు పట్టిన పూట

పుణె నుంచి హైదరాబాదు వెళ్ళేవాళ్ళు దారి కాస్త మళ్ళించి ఒక రోజు బీదరులో గడపండి. కోట, 1472 నాటి మహమూద్ గవాన్ మదరసా ఎలాగూ చూస్తారు. మేం ఈ దసరా సెలవుల్లో ఊరికి చేరువలోని విలాస్‌పూర్ చెరువులో కయాక్ కూడా ఎక్కాం. రెండు చివర్లా రెక్కలున్న తెడ్డుతో నడిపే సన్నటి పడవ అది.

మంజీర నది ఉండగా చెరువెందుకంటారా? మంజీర వాన నీటి మీద బతికే నది. వరదొస్తే కొత్తవాళ్ళ చేతికి లొంగదు. ముందు నిలకడ నీట్లో నేర్చుకోవాలి. ఈత వచ్చినా సరే, లైఫ్ జాకెట్ తప్పదు. కుడికి తిరగాలంటే ఎడమ పక్క తెడ్డు వేయాలి. కంగారుపడి లేచి నిలబడకూడదు.

ఇద్దరెక్కే కయాక్‌లో ముందున్నవారి లయను వెనకవారు అందుకోవాలి. నాతో ఎప్పుడూ హిందీలోనే మాట్లాడే పన్నెండేళ్ళ మనవణ్ణి ముందు కూర్చోబెట్టి, లెక్క పెట్టమన్నాను. "ఏక్, దో" అని మొదలెట్టి, కాసేపటికి తనంతట తనే "ఒకటి, రెండు" అన్నాడు.

విశ్రాంతిగా తెడ్లు ఆపినప్పుడు మంజీర కథ చెప్పాను. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదరు జిల్లా దాటి, సింగూరు, నిజాంసాగర్ జలాశయాలను నింపి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుందని.

"అయితే బోధన్‌లో మన పొలానికొచ్చేది ఈ నది నీళ్ళేనా, తాతయ్యా?"

వాడు "మన పొలం" అనడం నేను వినడం అదే మొదటిసారి.

వానలు వెలిశాక, గాలి లేని ఉదయంపూట వెళ్ళండి. పిల్లల్ని ముందు కూర్చోబెట్టండి.